ముందు నీరు, ఆ తర్వాతే చేప

కొత్త గాజు తొట్టిలో చేపను వేయడానికి ముందు నీటిని పెంచాలి. ఈ మాట మొదటిసారి విన్నవాళ్లు వింతగా చూస్తారు. నీళ్లు పోస్తారు గానీ పెంచడమేమిటి, చెరువు నిండితే చేప దానంతటదే రాదా అంటారు. మా భోపాలపట్నం వైపు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. తొలకరి పడి వాగులు పొంగగానే పరిగెలు, జెల్లలు పొలాల్లోకి ఎదురెక్కుతాయి. నీళ్లు దిగే చోట మావు పెట్టినవాడికి తెల్లారేసరికి కూర దొరుకుతుంది. మొన్నటిదాకా నెర్రెలిచ్చిన మడిలో ఇవాళ చేప ఎగురుతుంటే, నీరున్న చోట చేప ఉంటుందన్నది ఎవరూ రుజువు చేయనక్కర్లేదు.

అందుకే తరగతి గదిలో చేపపిల్లల తొట్టి పెడదామనుకున్నప్పుడు నాకు ముందుగా వచ్చిన సందేహం ఇది: ఈ పిల్లలకు చేప గురించి నేను చెప్పగలిగేది ఏముంది? ఏ రాయి కింద చెయ్యి పెడితే మట్టగిడస తగులుతుందో పదేళ్ల పిల్లకు తెలుసు. మంగకాయలు దంచి మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయని తెలుసు. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీటిపైన తిరుగుతున్నాయంటే, వాటి కిందే పెద్దచేప కాపలా కాస్తోందని తెలుసు. పుస్తకంలో చేపబొమ్మ గీసి మొప్ప, పొలుసు, తోక అని బాణం గుర్తులు పెట్టడం వాళ్లకు పాఠమే కాదు. చేపను పట్టడం, చీరడం, పులుసు పెట్టడం అన్నీ వచ్చిన పిల్లలు వాళ్లు. ఆ చేప అంతవరకూ దేనివల్ల బతికిందో మాత్రం ఎవరూ అడగలేదు, వాళ్లకూ అడగాల్సిన అవసరం రాలేదు. ఇంద్రావతి, చింతవాగు, తాలిపేరు ఆ పనిని పగలూ రాత్రీ చేసుకుపోతుంటే అడిగేదెవరు? ఏరు ఊరికే చేసే ఆ పనిని యాభై లీటర్ల నీటిలో మన చేతులతో చేయాల్సి వచ్చినప్పుడే అదెంత పనో తెలుస్తుంది. తరగతి గదిలో తొట్టి ఎందుకంటే నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే. చేపల అందం, పిల్లలకు కాలక్షేపం, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవారికి చూపించుకోవడం, ఇవేవీ కావు.

మా ప్రాంతం తెలియనివారి కోసం రెండు మాటలు. భోపాలపట్నం ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో; అది 2007లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయింది. ఇటు జగదల్‌పూర్, అటు గోదావరి దాటితే ఏటూరునాగారం, ములుగు, వరంగల్లు. ఇళ్లల్లో గోండీ, దోర్లీ, హల్బీ, తెలుగు, బడిలో హిందీ. కళహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి మా తాలూకాలోనే భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2005 తర్వాత ఈ జిల్లాలో సాగిన హింసలో బడులు పడ్డ బాధ చెప్పనలవి కాదు. కొన్ని భవనాలను మావోయిస్టులు కూల్చారు, కొన్నింటిలో బలగాలు మకాం పెట్టాయి, ఎన్నో ఊళ్లల్లో బడి మూతపడి ఏళ్లు గడిచాయి. వెదురు తడికలతో పోటా కేబిన్ బడులు లేచాయి, పిల్లలు ఇల్లు వదిలి అక్కడికి వెళ్లి చదువుకున్నారు. ఈమధ్య కాలంలో మూతపడ్డ బడులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి. తొట్టి సంగతి చెబుతూ ఇదంతా ఎందుకంటే, చేపల తొట్టి రోజూ తెరిచే బడిలోనే నిలుస్తుంది. నాలుగు రోజులు మేత వేయకపోయినా చేపపిల్ల ఓర్చుకుంటుంది. నాలుగు రోజులు గాలి ఆడకపోయినా, నీరు చెడినా ఓర్చుకోదు. ఆదివారమైనా, పండగైనా ఎవరో ఒకరు తాళం తీసి చూడాలి. ఆ వంతు కోసం పిల్లలు పోట్లాడుకోవడం చూస్తే, బడి అనేది తమదన్న సంగతి వాళ్లకు ఒకరు చెప్పకుండానే తెలిసినట్టు నాకనిపిస్తుంది.

ఇక నీటి సంగతి. పట్నంలో తొట్టి పెట్టేవారికి క్లోరిన్‌తో తంటా. కుళాయి నీటిని ఒక రోజు బకెట్లో నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, లేదంటే థయోసల్ఫేట్ చుక్కలు వేస్తారు. మాకు కుళాయి లేదు, బోరింగు ఉంది. బోరింగు నీటికి వేరే గుణం. కొట్టినప్పుడు అద్దంలా ఉంటుంది. ఓ గంట బకెట్లో వదిలేస్తే పసుపు తిరుగుతుంది, తెల్లారేసరికి అడుగున తుప్పురంగు మడ్డి పేరుకుంటుంది. భూమి లోపల గాలి తగలక ఇనుము నీటిలో కరిగే ఉంటుంది. పైకి వచ్చి గాలి తగలగానే తుప్పుగా మారి విడిపోతుంది. అదే మార్పు తొట్టిలో జరిగితే ఆ తుప్పు చేప మొప్పలకు పడుతుంది. మొప్ప అంటే పల్చటి ఎర్రటి రేకులు. నీటిలోని ఆక్సిజన్ రక్తంలోకి దాటేది అక్కడే. దాని మీద ఇనుప మడ్డి పేరుకుంటే నీటిలో గాలి ఎంతున్నా చేపకు అందదు. పైగా లోతు నుంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ కూడా తక్కువే. కాబట్టి బోరింగు నీటిని ఒక బకెట్ నుంచి మరో బకెట్‌కు ఎత్తి పోయాలి, రాత్రంతా నిలవ ఉంచాలి, పొద్దున పైన తేరిన నీటిని గుడ్డలో వడకట్టాలి. ఈ పనిని పిల్లలకు అప్పగించిన వారంలోనే ఒక అమ్మాయి అడిగింది: "గురుజీ, చేపకి ఇన్ని తీర్ల నీళ్లు తేర్చి పోస్తున్నం గదా, మనం తాగే కుండల అట్లనే పోస్తున్నమేంది?" ఆ రోజు నుంచి బడిలో తాగే నీటిని కూడా తేర్చి వడకట్టడం మొదలైంది. పాఠం అంటే నా దృష్టిలో ఇదే.

తేర్చిన నీటితో తొట్టి నింపాక, ఏటి నుంచి తెచ్చి కడిగిన ఇసుక పరిచాక, ఎయిర్ పంపుకు స్పాంజి ఫిల్టర్ తగిలించాక, ఇక చేపల్ని వేయడమే తరువాయి అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ఆగాలి. దేశంలో తొట్టి కొన్న ఇళ్లల్లో మొదటి నెలలోనే చేపలు చనిపోవడానికి, దుకాణదారుడు నాసిరకం చేపలిచ్చాడని తిట్టుకోవడానికి కారణం ఈ ఆగకపోవడమే. చేప విసర్జించేది ప్రధానంగా అమ్మోనియా, అదీ చాలావరకు మొప్పల ద్వారానే. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే. నీటి గుణం కాస్త క్షారం వైపు జరిగిందంటే దాని విషం పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఒక్క శాతం కూడా ఉండదు. అదే పీహెచ్ 8కి చేరితే ఐదు శాతం దాటుతుంది. నీరు చూడ్డానికి స్వచ్ఛంగానే ఉంటుంది, వాసన కూడా రాదు. చేప మాత్రం మొప్పలు మండి పైకి తేలుతుంది.

ఏటిలో ఈ అమ్మోనియా ఏమవుతోంది? రాళ్లను ముట్టుకుంటే వేళ్లకు తగిలే జిగురులో, ఇసుక రేణువుల మీద, మునిగిన కొమ్మల మీద కొన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకొక రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చేపకు అంతగా హాని చేయదు, మొక్కలకు అది ఎరువు. ఈ సూక్ష్మజీవులు ఈ మార్పిడి నుంచే బలం తీసుకుంటాయి, వాటికి వేరే తిండి అక్కర్లేదు. 1890 ప్రాంతంలో జ్యూరిక్‌లో పనిచేస్తుండగా రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ వీటిని విడదీసి చూపించాడు. అప్పటిదాకా మట్టిలో నత్రజని మార్పిడి ఎలా జరుగుతోందన్నది వాదనగానే ఉండేది. ప్రపంచంలోని ప్రతి చెరువూ, ప్రతి మురుగునీటి శుద్ధి కేంద్రమూ, ప్రతి చేపల తొట్టీ ఈ జీవుల మీదే నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. అయితే ఇవి నెమ్మదైనవి. మామూలు బాక్టీరియాలో కొన్ని ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతాయి. ఇవి రెట్టింపు కావడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. అందుకే కొత్త తొట్టి సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు.

ఆ వారాలు ఎలా గడపాలన్నదే నిజమైన పరీక్ష. బడి తెరిచేది జూన్ నడుమ, చేపపిల్లలు దొరికేది వానలు కుదురుకున్నాక. మధ్యలో గదిలో ఒక తొట్టి, అందులో నీళ్లు, ఇసుక, బుడగలు. రోజూ ఒకరి వంతు: చిటికెడు మేత వేయాలి. తినేవాళ్లెవరూ లేని తొట్టిలో మేత వేయడం మొదట్లో పిల్లలకు ఎంత విడ్డూరంగా అనిపించిందో! అది కుళ్లితేనే అమ్మోనియా పుడుతుంది, అమ్మోనియా పుడితేనే దాన్ని తినే జీవులు పెరుగుతాయి. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు తీసుకుని చుక్కల మందు వేస్తే అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. మొదటి వారాల్లో రోజురోజుకూ పచ్చదనం ముదురుతుంది. ఆ తర్వాత ఒకనాడు పలచబడుతుంది. అప్పుడు నైట్రైట్ చుక్కలకు ఊదా రంగు వస్తుంది. కొన్నాళ్లకు అదీ వెలిసిపోతుంది. మా పిల్లలు గోడ మీద కాగితం అంటించి రోజూ ఆ రంగును క్రేయాన్‌తో వేసేవారు. లెక్కలు రాని చిన్నపిల్ల కూడా ఆ కాగితం చూసి నీరు ఏ దశలో ఉందో చెప్పగలిగింది. పసుపు, లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ, మళ్లీ లేతాకుపచ్చ, మళ్లీ పసుపు. ఆ రెండో పసుపు వచ్చిన రోజు వాళ్లు వేసిన కేక పక్క తరగతికి వినిపించింది. తొట్టిలో అప్పటికి ఒక్క చేప కూడా లేదు.

రెండో తొట్టికి ఇన్ని వారాలు పట్టదు. మొదటి తొట్టి స్పాంజిలో ఒక ముక్క కోసి కొత్తదానిలో వేస్తే చాలు, పాలలో తోడు వేసినట్టే. ఈ మాట చెప్పగానే పిల్లలకు మొత్తం వ్యవహారం అర్థమైంది; నేను బోర్డు మీద గీసిన వలయాలకు అంత ఫలితం రాలేదు.

ఈ తోడు పోలికే ఇంకో చిక్కునూ విప్పింది. పిల్లలకు శుభ్రం అంటే మెరవడం. స్పాంజి నల్లబడితే బోరింగు కింద పెట్టి పిండి తెల్లగా చేయాలని, ఇసుక మొత్తం తీసి కడగాలని, నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపాలని వాళ్ల తపన. చీపురు, బకెట్ పట్టుకుని పుట్టిన పల్లె పిల్లల్ని ఈ తపన నుంచి ఆపడం తేలిక కాదు. కానీ తొట్టిని తళతళలాడేలా కడిగితే, వారాల తరబడి పెంచినదంతా ఆ మురికితోపాటే పోతుంది. వారానికోసారి నాలుగో వంతు నీరు తీసి, తేర్చిన నీరు అంతే పోయాలి. స్పాంజిని అలా తీసిన తొట్టి నీటిలోనే మెల్లగా ఒకటి రెండుసార్లు నొక్కాలి. అద్దానికి లోపల పట్టే పాచిని ముందు వైపు మాత్రమే తుడవాలి, మిగతా మూడు వైపులా ఉండనివ్వాలి. తీసిన నీరు బడి వెనక మునగ మొక్కకు పోస్తాం. అందులోని నైట్రేట్ దానికి మేలు.

మొక్కల మాట వచ్చింది కాబట్టి లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేసిన పని చెప్పాలి. రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఒకే తొట్టిలో ఉంచి, నీరు మార్చకుండా బతికించవచ్చునా అని చూశాడు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప వదిలే బొగ్గుపులుసు వాయువు మొక్కకు పనికొస్తుంది, లెక్క సరిపోవాలి. సరిపోలేదు. మొక్క పాత ఆకులు కుళ్లి నీరు చెడింది. అప్పుడు చెరువు నత్తలను వేశాడు. అవి కుళ్లిన ఆకులను తినేశాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి. 1850లో ఈ సంగతిని పత్రికలో ప్రకటించాడు. నత్త లేకపోతే లెక్క తేలదన్న ఆ చిన్న సంగతి నాకు ఎంతో ఇష్టం. చేప, మొక్క కళ్లకు కనిపిస్తాయి. వాటి మధ్య కుళ్లినదాన్ని ఎత్తిపోసేవాళ్లు ఎవరన్నది ఎవరి కంటా పడదు. మా తొట్టిలో నత్తలు వాగు నుంచి తెచ్చిన నాచుతోపాటు వాటంతటవే వచ్చాయి, వాటిని తీయనివ్వలేదు.

చేపపిల్లలు వచ్చింది ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో. మూడో వంతు నీరు, మిగిలినదంతా ఆక్సిజన్. సంచిని అలాగే తొట్టి నీటిపైన తేలనిచ్చి, లోపలి వేడి, బయటి వేడి ఒకటయ్యాక, కొంచెం కొంచెం తొట్టి నీరు సంచిలోకి పోసి, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి వదలాలి. రోహు పిల్లలు తెచ్చుకున్నాం. పెద్దయ్యాక చెరువులో వదలొచ్చు. అంత చిన్న పిల్లలు మా బడిదాకా రావడం వెనక ఒక పెద్ద కథ ఉంది. ఒకప్పుడు రోహు, బొచ్చె పిల్లలు కావాలంటే వరదల కాలంలో నదిలో వల కట్టి, కొట్టుకొచ్చే గుడ్లను, పిల్లలను పట్టాల్సిందే. అందులో ఏ చేప ఎంతుందో తెలియదు. నిలవ నీటిలో ఈ చేపలు గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరుడు అలికున్హి చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించారు. దేశంలో ఈనాడు చేపల చెరువున్న ప్రతి ఊరూ, కొల్లేరు చుట్టుపక్కల చెరువులతో సహా, ఆ పనికి రుణపడి ఉంది. అందుకే జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ రోజున మా తొట్టి ఇంకా ఖాళీగానే ఉంటుంది గానీ, ఈ కథ చెప్పడానికి అదే మంచి రోజు. గుడ్డు పదిహేను ఇరవై గంటల్లో పగులుతుంది, పిల్ల మూడు రోజులు తన పొట్టకింది సొన మీదే బతుకుతుంది, నోరు తెరవడం ఆ తర్వాతే అని చెబితే పిల్లలు నోరు తెరిచి వింటారు. జపాన్‌లో ఐదో తరగతి పిల్లలు మెదాకా చేప గుడ్డులో కళ్లు ఏర్పడటాన్ని సైన్సు పాఠంగా చూస్తారు. అమెరికాలో ఎన్నో బడుల్లో ట్రౌట్ చేప గుడ్లను చల్లని తొట్టిలో పొదిగించి, పిల్లలయ్యాక తమ ఊరి ఏటిలో వదులుతారు. మా పిల్లలు కూడా ఆ పనే చేస్తున్నారని చెప్పినప్పుడు వాళ్ల మొహాల్లో కనిపించిన గర్వం నాకు విలువైనది.

యాభై లీటర్లకు పది పిల్లలు మించకూడదు. ఇంకా వేయమని అందరూ అడుగుతారు, వేయకూడదు. మేతగా తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో మెత్తగా దంచి, రెండు నిమిషాల్లో తినేసేంత. చిన్నపిల్లలు ప్రేమ కొద్దీ గుప్పెడు వేస్తారు. ప్రేమ ఎక్కువైతే అమ్మోనియా చుక్క పచ్చబడుతుందని గోడ మీది కాగితమే వాళ్లకు నేర్పింది. కరెంటు సంగతి వేరు. మా దగ్గర అది ఎప్పుడు పోతుందో చెప్పలేం. లీటరు గాలిలో రమారమి 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టదు. మనం ఒక్క గుక్కలో పీల్చేదాని కోసం చేప ఎంత నీటిని మొప్పల మీదుగా తోయాలో ఆలోచించండి. వేడి పెరిగే కొద్దీ ఆ కాస్తా తగ్గుతుంది. పంపు ఆగితే చెంబుతో నీరు ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నధారగా తిరిగి అందులోనే పోయాలి. అది వాగు రాళ్ల మీద దూకుతూ చేసే పనే. ఒక మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు ఇద్దరు మగపిల్లలు భోజనం వాయిదా వేసుకుని వంతులవారీగా అలా పోస్తూ కూర్చున్నారు. నేను పొమ్మన్నా పోలేదు.

దోమల గురించి కూడా చెప్పాలి, మలేరియా మా జిల్లాకు పాత పగ. 2020లో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి అందరి రక్తం పరీక్షించారు. దోమ పిల్లలను తినే చేపలుంటాయి గదా, అవే పెంచుదాం అని పిల్లలు అడగడం సహజం. గప్పీలు మన దేశానికి 1908లో, గాంబూసియా 1928లో ఇటలీ నుంచి వచ్చాయి. దోమపిల్లలను తింటాయి నిజమే. గాంబూసియా స్థానిక చేపపిల్లలను, కప్పగుడ్లను కూడా వదలదు. పరాయి చేపను వాగులో వదిలితే మళ్లీ వెనక్కి తీయలేం. తొట్టిలో ఏది పెంచినా సరే, దాన్ని వదిలే చోటు ముందు ఆలోచించాలని పట్టుబట్టాను. నెత్తిన వెండిచుక్కతో మన మడుగుల్లోనే నీటిపైన తిరిగే చిన్నచేప దోమపిల్లలను బాగానే తింటుంది, దాన్ని చూపించాను.

బోరింగు నీటిలో తుప్పు చూసిన పిల్లలకు ఇంద్రావతి కథ చెప్పడం తేలికైంది. బైలాడిలా కొండల్లో 1968లో కిరందుల్ గని నుంచి ఇనుప ఖనిజం తవ్వడం మొదలైంది. కొండల మీది ఎర్రమడ్డి శంఖిని, డంకిని నదుల్లోకి దిగి వాటిని ఎర్రబార్చడం దశాబ్దాలుగా ఈ ప్రాంతమంతా చూస్తున్నదే. దంతెవాడలో దంతేశ్వరి గుడి దగ్గర ఆ రెండూ కలిసి, చివరకు ఇంద్రావతిలో చేరతాయి. ఇంద్రావతి ఒడ్డునే 1983లో పులుల అభయారణ్యం ఏర్పడింది. మనం కాపాడతామని రాసుకున్న అడవికి నీరిచ్చే నది ఇది. ఏటి నీరు ఎర్రబడితే నష్టమేమిటి, ఇనుమే గదా అనేవాళ్లున్నారు. మొప్పల మీద మడ్డి పేరుకుంటే ఏమవుతుందో, రాళ్ల జిగురు మీద మడ్డి కప్పితే అమ్మోనియాను ఎవరు తింటారో మా నాలుగో తరగతి పిల్లలు చెప్పగలరు. బకెట్లో రాత్రంతా నిలవ ఉంచి తేర్చడానికి నది బకెట్ కాదు. గనులు ఉండాలా వద్దా అన్న పెద్ద వాదనలోకి పిల్లల్ని లాగను. నీటిని తేర్చి వదలడం చేతనైన పనేనని మాత్రం వాళ్లు తమ చేతులతో చేసి తెలుసుకున్నారు. బకెట్, గుడ్డ, ఒక రాత్రి ఓపిక ఉంటే బడిపిల్లలకు సాధ్యమైంది, అంత యంత్రబలం ఉన్నవాళ్లకు ఎందుకు సాధ్యం కాదని వాళ్లు అడిగితే నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

దసరా సెలవులు అయిపోయేసరికి చేపపిల్లలు వేలెడు పొడవయ్యాయి. తొట్టి ఇరుకైంది. ఊళ్లో రెండు చెరువులు. బడికి దగ్గరది పెద్దది, అందరూ అందులోనే వదులుదామన్నారు. ముందు పరీక్ష చేద్దామని పిల్లలే గాజు గొట్టాలు పట్టుకు బయల్దేరారు. పెద్ద చెరువులో ఒక మూల జనుము కట్టలు నానేసి ఉన్నాయి. చుక్కలు వేస్తే ముదురాకుపచ్చ. రెండో చెరువు చిన్నది, ఊరి చివర, గట్టున తుంగ. అక్కడ పసుపు. వల భుజాన వేసుకుని వస్తున్న తాత మా హడావిడి చూసి ఆగాడు. ఆయనకు గొట్టం చూపించి రంగు సంగతి చెప్పారు. ఆయన పెద్ద చెరువు వైపు తల ఊపి, "నీళ్లను ముందుగాల ముక్కుతోని చూడాలె. జనుము నానేసినంక నెల దాక ఆడ చేపలు తెల్లారంగ నోర్లు పైకి పెడ్తయి. గాలి చాలదు" అన్నాడు. ఏ గొట్టమూ లేకుండా ఆయనకు తెలిసినదీ, గొట్టంలో పిల్లలు చూసినదీ ఒకటే కావడం చూసి వాళ్లు ఆయన్ను వదల్లేదు. నీటి రంగు గురించి, నురగ గురించి, ఏ చేప ముందు పైకి తేలుతుందన్న దాని గురించి గట్టు మీద కూర్చోబెట్టి అడిగారు. చేపపిల్లలను చిన్న చెరువులో వదిలాం, సంచిని నీటిపైన తేల్చి, వేడి కలిసేదాకా ఆగి.

తొట్టిని మాత్రం ఎండగట్టలేదు. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత పడుతూనే ఉంది, స్పాంజి తడిగా ఉండాలి కదా. చాలా ఏళ్ల తర్వాత తెరుచుకున్న ఒక బడి నుంచి టీచరమ్మ వచ్చి తమ దగ్గరా తొట్టి పెట్టాలని ఉందన్నారు. స్పాంజిలో సగం కోసి, తొట్టి నీటిలోనే ముంచి, మూత పెట్టకుండా డబ్బాలో ఇస్తానని, సాయంత్రంలోగా తన తొట్టిలో వేసేయాలని చెప్పాను. మీ బోరింగు నీళ్లు బకెట్లో ఉంచితే ఎర్రబడతాయా అని అడిగాను. ఎర్రబడతాయన్నారు. అయితే తొట్టి కొనే ముందు రెండు బకెట్లు, ఒక పాత నూలుచీర చూసి పెట్టుకోమన్నాను.